పాప పట్టి వదిలేస్తోంది, నాకు భరించలేని నొప్పి: పాలు చాలకనేనా?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను, ఇదే సమస్య ఉన్నవాళ్లు చదివినా పనికొస్తుంది. మీరు బెంగళూరు మారతహళ్లిలో ఉంటారు. సిజేరియన్ అయింది, పాపకు ఐదు వారాలు. పాలిచ్చిన ప్రతిసారీ చనుమొనలు మండిపోతున్నాయి, కుడివైపు పగిలి రక్తం కూడా వచ్చింది. పాప రెండు నిమిషాలు తాగి పొలమారి, వదిలేసి, వెనక్కి విరుచుకుని ఏడుస్తోంది. సాయంత్రం ఆరు దాటితే ఈ ఏడుపు రాత్రి పదింటిదాకా ఆగడం లేదు. పంపు పెడితే 30 మి.లీ. కూడా రావడం లేదు. అత్తగారు "పాలు చాలట్లేదు, డబ్బాపాలు మొదలుపెట్టు" అంటున్నారు. అనంతపురం నుంచి అమ్మగారు "ఓర్చుకో, అందరికీ ఇంతే" అంటున్నారు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

నా సమాధానం: మీకు పాలు తక్కువ కాలేదు. అలాగని ఈ నొప్పి ఓర్చుకోవాల్సిందీ కాదు. మీరు రాసిన వివరాలు చూస్తే నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి, పాప నోటి పట్టు లోతుగా లేదు. రెండోది, మీకు పాలు చేపుకొచ్చినప్పుడు ధార మరీ వేగంగా ఉంది. ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ధార తట్టుకోలేక పాప చిగుళ్లతో చనుమొనను నొక్కి ఆపుకుంటుంది. దాంతో మీకు నొప్పి. నొప్పి భయంతో మీరు బిగుసుకుని పాపను కాస్త దూరంగా పట్టుకుంటారు. దాంతో పట్టు ఇంకా పైపైకి జారిపోతుంది. మీ బాధ, పాప ఏడుపు వేర్వేరు సమస్యలు అనిపిస్తాయి గానీ చాలామందిలో వాటి మూలం ఒకటే.

నేను ఈ ఊళ్లోనే చాలా ఏళ్లు ప్రసూతి వార్డులో నర్సుగా చేసి, ఆ తర్వాత లాక్టేషన్ కౌన్సెలర్‌గా, అంటే పాలివ్వడంలో తల్లులకు సాయపడే పనిలో ఉన్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువ. వాళ్లలో చాలామంది "పాలు చాలట్లేదు" అనే మాటతోనే తలుపు తీస్తారు. నిజంగా పాలు తక్కువైనవాళ్లు వాళ్లలో కొద్దిమందే.

పాలు సరిపోతున్నాయో లేదో రొమ్ము దగ్గర పాప చేసే గొడవను బట్టి తెలియదు. డైపర్లు, బరువు, ఈ రెండే చెబుతాయి. పుట్టిన ఐదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం ఆరు డైపర్లు బరువుగా తడవాలి, మూత్రం లేత రంగులో ఉండాలి. పుట్టగానే తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి. ఆ తర్వాత మొదటి మూడు నెలలు రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. మీ పాప 2.9 కిలోలు పుట్టి ఇప్పుడు 3.9 ఉంది, రోజుకు ఏడెనిమిది డైపర్లు తడుపుతోంది అని మీరే రాశారు. పాలు చాలని బిడ్డ ఇలా పెరగదు.

పంపులో వచ్చిన 30 మి.లీ. చూసి బెంగపడకండి. పంపుకు పాలు చేపడం అందరికీ ఒకేలా ఉండదు. పైగా మీరు పంపు పెట్టింది పాప తాగిన అరగంటకు. అప్పుడు ఆ మాత్రం వచ్చిందంటే బాగా వచ్చినట్టే. పంపు గరాటు సైజు సరిపోకపోయినా పాలు తక్కువ వస్తాయి, నొప్పి పెరుగుతుంది. పగుళ్లు మానేదాకా కుడివైపు పంపును తక్కువ స్పీడులోనే పెట్టండి.

ఇక నొప్పి సంగతి. మొదటి ఒకటి రెండు వారాల్లో పాప పట్టిన తొలి అరనిమిషం కాస్త లాగినట్టు ఉండటం మామూలే. ఆ తర్వాత కూడా తాగినంతసేపూ నొప్పి ఉందంటే, ఐదో వారంలోనూ రక్తం వస్తోందంటే ఏదో సరిగ్గా లేదన్నమాట. పాప వదిలిన వెంటనే చనుమొనను చూసుకోండి. గుండ్రంగా ఉంటే పట్టు బాగున్నట్టే. కొత్త లిప్‌స్టిక్ కొనలా ఒకవైపు ఏటవాలుగా నొక్కుకుపోయి, తెల్లటి గీత పడి ఉంటే పాప చనుమొనను మాత్రమే పట్టుకుని తాగుతోందని అర్థం. చనుమొన పాప నోట్లో బాగా వెనక్కి, మెత్తటి అంగిలి దాకా వెళ్లాలి. ముందే ఆగిపోతే గట్టి అంగిలికీ నాలుకకీ మధ్య నలుగుతుంది. పగుళ్లు వచ్చేది అక్కడే.

సరిచేసుకునే పద్ధతి ఇది. పాప బాగా ఆకలితో ఏడుపు మొదలుపెట్టకముందే, చేతులు నోట్లో పెట్టుకుంటున్నప్పుడే ఎత్తుకోండి. పాప పొట్ట మీ ఒంటికి ఆనుకుని ఉండాలి. తల ఒకవైపు, ఒళ్లు ఒకవైపు తిరిగి ఉండకూడదు. చనుమొనను పాప నోటికి కాదు, ముక్కుకు ఎదురుగా ఉంచండి. పై పెదవికి తగిలిస్తే పాప తల కొద్దిగా వెనక్కి ఎత్తి నోరు పెద్దగా తెరుస్తుంది. ఆవలించినంత పెద్దగా తెరిచిందాకా ఆగండి. తెరిచిన వెంటనే భుజాల దగ్గర పట్టుకుని పాపను మీ వైపుకు తీసుకురండి, ముందు గడ్డం తగలాలి. రొమ్మును పాప దగ్గరికి వంచకండి, పాపనే రొమ్ము దగ్గరికి తేవాలి. పట్టు కుదిరినప్పుడు గడ్డం రొమ్ములో దిగబడి ఉంటుంది, కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కిందకన్నా పైన ఎక్కువ కనిపిస్తుంది. పది లెక్కపెట్టినా నొప్పి తగ్గకపోతే అలాగే కొనసాగించకండి. శుభ్రమైన చిటికెన వేలిని పాప నోటి మూల నుంచి చిగుళ్ల మధ్యకు పెట్టి, పట్టు వదిలించి, మళ్లీ మొదలుపెట్టండి. ఊరికే లాగేస్తే ఉన్న పగులు ఇంకా చీలుతుంది.

మీకు కుట్లున్నాయి కాబట్టి పాపను చంక కింద, కాళ్లు మీ వీపు వైపు ఉండేలా పట్టుకుంటే పొట్ట మీద బరువు పడదు. రాత్రిళ్లు పక్కకు తిరిగి పడుకుని ఇవ్వచ్చు.

ఒక పని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. పాప ఏడుస్తుంటే వెనక నుంచి తలను రొమ్ముకేసి నొక్కడం మన ఇళ్లలో మామూలు. తల వెనక నొక్కితే బిడ్డ ఇంకా వెనక్కి విరుచుకుంటుంది. రొమ్మంటేనే భయపడటం కూడా నేను చూశాను. మెడ అడుగున, చెవుల కింద వేళ్లు ఆనించి ఊతమిస్తే చాలు.

ధార విషయానికొస్తే, నిద్ర లేచాక మొదటిసారి ఇచ్చేటప్పుడు పొలమారడం ఎక్కువని, రెండో వైపు నుంచి కూడా పాలు కారి జాకెట్ తడిసిపోతోందని రాశారు. పాలు వేగంగా చేపుకొస్తాయనడానికి ఇవి మంచి గుర్తులు. కొంతమంది పిల్లలకు మోషన్ పచ్చగా, నురగగా కూడా అవుతుంది. కె.ఆర్.పురం నుంచి ఒక కడప అమ్మాయి వచ్చింది. బిడ్డకు గ్యాస్ అని ఒకరు, పాలు అరగట్లేదని ఇంకొకరు అంటే గ్రైప్‌వాటర్ పట్టి, రెండు రకాల డబ్బాపాలు మార్చి చూశారు. నా ఎదురుగా పాలిమ్మన్నాను. నిమిషం తిరక్కుండానే బిడ్డ దగ్గి, మొహం తిప్పేసుకుని ఏడ్చాడు. వాడు వదలగానే ధార వాడి చెంప మీద పడింది. ఆమెను వెనక్కి వాలి కూర్చోబెట్టి, బిడ్డను పైన బోర్లా పడుకోబెట్టాం. అంతే, వాడు కుదురుగా తాగాడు.

మీరూ అదే చేయండి. దిండ్లు పెట్టుకుని, సోఫాలో జారగిలబడినట్టు వెనక్కి వాలి, పాపను మీ పైన పడుకోబెట్టుకుని ఇవ్వండి. పాలు పైకి రావాలి కాబట్టి వేగం తగ్గుతుంది. చేపు వచ్చిన మొదటి నిమిషం పాపను పక్కకు తీసి, ఆ ధారను ఒక గుడ్డలోకి పోనిచ్చి, తర్వాత పట్టించినా మంచిదే. మధ్యమధ్యలో భుజం మీద వేసుకుని తేన్పు తెప్పించండి. ఒకవైపు పూర్తిగా తాగాకే రెండో వైపు ఇవ్వండి. ఇంటర్నెట్‌లో చూసి గంటల తరబడి ఒకే రొమ్ము ఇచ్చే పద్ధతి మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి. ఎవరూ గమనించకుండా చేస్తే ఉన్న పాలు తగ్గిపోతాయి. ఈ వేగం చాలామందికి రెండు మూడు నెలలకు దానంతటదే సర్దుకుంటుంది. అప్పుడు రొమ్ములు మెత్తబడతాయి. ఆ మెత్తదనం చూసి మళ్లీ "పాలు పోయాయి" అని కంగారు పడకండి.

సాయంత్రం ఆరు నుంచి పదిదాకా జరిగేది వేరు. ఈ వయసు పిల్లలు సాయంత్రాలు గంటకోసారి, అరగంటకోసారి కూడా తాగుతారు. రోజు మొత్తం మీద ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగడం మామూలు. అందులో సగం సాయంత్రమే పడొచ్చు. దీనికి తోడు పిల్లల ఏడుపు సహజంగానే ఆరో వారం దగ్గర బాగా ఎక్కువగా ఉండి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. మీరు సరిగ్గా ఆ మెట్టు మీదే ఉన్నారు. ఆ వేళకు లైట్లు తగ్గించండి, టీవీ ఆపండి, వచ్చేపోయే చుట్టాలను ఆ సమయానికి వద్దనండి. మీరు ఐదున్నరకే భోజనం చేసేయండి, ఎందుకంటే తర్వాత కుదరదు. పాప పట్టి వదిలి ఏడుస్తుంటే పదే పదే రొమ్ము నోట్లో పెట్టకుండా మీ వారికి ఇవ్వండి. చొక్కా లేకుండా ఛాతీకి ఆనించుకుని బాల్కనీలో పది నిమిషాలు తిప్పితే చాలామంది పిల్లలు సర్దుకుంటారు. తర్వాత మీరు మళ్లీ ప్రయత్నించండి.

పగుళ్లకు: పాలిచ్చాక నాలుగు చుక్కల మీ పాలే రాసి గాలికి ఆరనివ్వండి, లేదా శుద్ధి చేసిన లానోలిన్ పల్చగా రాయండి. లానోలిన్ తుడవకుండానే పాలివ్వచ్చు. సబ్బుతో కడగొద్దు. తడిసిన ప్యాడ్ వెంటనే మార్చండి. ముందు నొప్పి తక్కువ ఉన్న ఎడమవైపు ఇచ్చి, పాప ఆత్రం తగ్గాక కుడివైపు ఇవ్వండి. కాస్త రక్తం పాపకు వెళ్లినా ప్రమాదం లేదు, కక్కినప్పుడు ఎర్ర చారలు కనిపిస్తే అది మీ రక్తమే అయి ఉండొచ్చు, డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ పాలిచ్చే తల్లులు వాడదగినవే. మోతాదు మీ డాక్టరును అడగండి.

పట్టు సరిచేసుకున్నాక వారంలో తేడా రావాలి. రాకపోతే వేరే కారణాలు చూడాలి. చనుమొనలు గులాబీ రంగులో మెరుస్తూ, పాలిచ్చాక కూడా లోపల మంట ఉండి, పాప నాలుక మీద తుడిస్తే పోని తెల్లటి పూత ఉంటే ఫంగస్ కావచ్చు. అప్పుడు మందు ఇద్దరికీ వేయాలి. పాప నాలుక బయటికి రాకుండా, కొన దగ్గర నొక్కు పడినట్టుండి, తాగేటప్పుడు టక్ టక్ మని శబ్దం వస్తుంటే నాలుక కింది తీగ పొట్టిదేమో చూపించాలి. ఇంకొకటి బెంగళూరు చలిలో ఎక్కువగా చూస్తాను. పాప వదలగానే చనుమొన తెల్లబడి, తర్వాత నీలంగా మారి, పొడిచినట్టు నొప్పి వస్తుంది. డిసెంబరులో వైట్‌ఫీల్డ్ అమ్మాయి ఒకామె ఇదే నొప్పితో నెలరోజులు ఫంగస్ మందు వాడి వచ్చింది. ఆమెకు కావాల్సింది వెచ్చదనం. పాప వదిలిన మరుక్షణం పొడి వెచ్చటి గుడ్డ అద్దుకోవడం, ఏసీ కింద పాలివ్వకపోవడం, కాఫీ తగ్గించడం. వీటితో తగ్గకపోతే డాక్టరు మందులిస్తారు.

రొమ్ములో ఎక్కడైనా గడ్డలా తగిలితే గట్టిగా పిసికించకండి. బాలింతకు ఒళ్లు పట్టడానికి వచ్చే ఆమె "గడ్డ కరిగిస్తా" అని నూనె రాసి నొక్కుతుంది. దువ్వెనతో దువ్వేవాళ్లూ ఉన్నారు. లోపలి వాపు దానితో పెరుగుతుంది. ఇప్పుడు మేము చెప్పేది: పాలివ్వడం ఆపొద్దు, అలాగని ఖాళీ చేయాలని పంపుతో అదేపనిగా లాగొద్దు, పల్చటి గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టండి. ఎర్రబడి, వేడెక్కి, మీకు 101 దాటి జ్వరం, వణుకు వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. యాంటిబయాటిక్ వాడినా రెండు రోజుల్లో తగ్గకపోతే చీము పట్టిందేమో స్కానింగ్ చేయాలి. ఆ జబ్బులో కూడా పాలివ్వచ్చు.

మీ అత్తగారి గురించి. ఆవిడది పాప మీద ప్రేమే, మనవరాలు ఏడుస్తుంటే చూడలేకపోతున్నారు. ఆవిడతో వాదన పెట్టుకోకుండా డైపర్ల లెక్క ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి, బరువు చూసేటప్పుడు ఆవిడను కూడా తీసుకెళ్లండి. పాలివ్వని ప్రతి పూట మీ ఒంటికి "ఇంత అక్కర్లేదు" అనే కబురు వెళ్తుంది. సాయంత్రం ఒక సీసాతో మొదలైన ఇళ్లలో నెల తిరిగేసరికి నిజంగానే పాలు తగ్గడం చాలా చూశాను. డబ్బా మీద కూడా తల్లిపాలే శ్రేష్ఠమని ముద్రించాలని మన దేశంలో 1992 నాటి చట్టం ఉంది. బరువు పెరగని బిడ్డకు డాక్టరు చెబితే మాత్రం డబ్బాపాలు ఇవ్వాల్సిందే, అందులో తల్లి తప్పేమీ లేదు. మీ పాపకు ఆ అవసరం కనబడటం లేదు.

పథ్యం పేరుతో మీకు మంచినీళ్లు తగ్గిస్తున్నారని రాశారు. అది వద్దు, దాహమైనంత తాగండి. వెల్లుల్లి కారం, మెంతికూర, ఇక్కడి కన్నడవాళ్లు బాలింతలకు పెట్టే సబ్బసిగె సొప్పు అనే ఆకుకూర, ఇవన్నీ మంచి తిండే, నచ్చితే తినండి. అయితే పప్పు, గుడ్డు, పెరుగు, పళ్లు మానేసి ఒట్టి కారం అన్నంతో ఉండొద్దు. పాపకు ఆరు నెలలదాకా నీళ్లు, గ్రైప్‌వాటర్, ఆముదం ఏవీ వద్దు. తేనె ఏడాది నిండేదాకా నాలుకకు కూడా రాయకూడదు. డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు మాత్రం ఆపకండి.

ముందుముందు కొన్ని ఉంటాయి, ఇప్పుడే తెలిస్తే అప్పుడు కంగారుండదు. మూడు నాలుగు నెలలకు ఎవరు మాట్లాడినా అటు తిరిగి తాగడం మానేస్తారు, కాస్త చీకటి గదిలో ఇస్తే సరిపోతుంది. పళ్లొచ్చేటప్పుడు కొరుకుతారు. నిజంగా తాగుతున్నంతసేపూ నాలుక కింది చిగురును కప్పి ఉంటుంది కాబట్టి కొరకలేరు, కడుపు నిండి ఆడుకునేటప్పుడే కొరుకుతారు. తాగడం నెమ్మదించగానే వేలు పెట్టి తీసేయండి. ఒక్కోసారి ఉన్నట్టుండి రొమ్మే వద్దంటారు. జలుబుతో ముక్కు మూసుకుపోవడం, చెవి నొప్పి, తల్లి కొత్తగా వాడిన సెంటు, ఏదైనా కారణం కావచ్చు. నిద్రమత్తులో ఉన్నప్పుడు ఇచ్చి చూడండి, ఈలోగా పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి.

మీ ప్రశ్న చివర్లో "పాలు చేపుకొచ్చే ముందు ఉన్నట్టుండి ఏడుపు, దిగులు వస్తోంది" అని ఒక్క వాక్యం రాశారు. అది మీ ఊహ కాదు. పాలు దిగే ముందు హార్మోన్లలో వచ్చే మార్పు వల్ల కొందరికి ఒకటి రెండు నిమిషాలు అలా దిగులు కమ్మి, దానంతటదే పోతుంది. తెలుసుకున్నాక చాలామంది తట్టుకోగలుగుతారు. అయితే ఆ దిగులు రోజంతా ఉంటే, పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోతే, పాపను చూడాలనిపించకపోతే, చచ్చిపోవాలనిపిస్తే ఆ రోజే ఇంట్లో చెప్పండి. మానసిక బాధలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. మన ఊళ్లోనే ఉన్న మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచి చూసే విభాగం ఉంది.

పాప విషయంలో ఆలస్యం చేయకూడనివి: 100.4 దాటిన జ్వరం, పాలకు కూడా లేవనంత మగత, రోజుకు ఆరుకన్నా తక్కువ తడి డైపర్లు, పచ్చటి వాంతి, బరువు పెరగకపోవడం. వీటిలో ఏది కనిపించినా ఎవరి సలహా కోసమూ ఆగకుండా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అవేవీ లేకపోయినా ఈ వారంలోనే లాక్టేషన్ కన్సల్టెంట్‌ను ఒకసారి కలవండి. మీరు కాన్పు అయిన ఆసుపత్రిలోనే అడిగితే చెబుతారు. వెళ్లేముందు పాపకు పూర్తిగా పాలు పట్టి తీసుకెళ్లకండి, అక్కడికి చేరేసరికి ఆకలి మొదలయ్యేలా చూసుకోండి. మీరు పాలిస్తుండగా మొదటి నుంచి చివరిదాకా పక్కన కూర్చుని చూసేవాళ్లే కావాలి. చూడకుండా పౌడరో మాత్రలో రాసిస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. సాయంత్రం గొడవను మీ వారిచేత రెండు నిమిషాలు వీడియో తీయించి పట్టుకెళ్లండి, పగలు ఆసుపత్రిలో పాప అలా ఏడవకపోవచ్చు.